పరుపుల బాబాయి ఇత్తడి నట్టు

మా తోడికోడలి కూతురు మొన్న సెలవులకి వచ్చి, సంచీలోంచి ఒక వెల్వెట్ డబ్బా తీసింది. అందులో సన్నటి గొలుసుకి వేలాడే గులాబీరంగు రాయి ఉంది. "పెద్దమ్మా, దీన్ని పెండ్యులం అంటారు. మన మనసు అడుగున కొన్ని నమ్మకాలు తిష్ఠ వేసుకుని ఉంటాయి. నావల్ల కాదు, నాకు అచ్చిరాదు, ఇలాంటివి. అవి ఉన్నాయని మనకే తెలియదు. ఇది వాటిని బయటికి లాగి వదిలిస్తుంది. నేను కోర్సు చేశాను" అని, నన్ను నిటారుగా కూర్చోమంది. నాకు నవ్వు ఆగలేదు. పిల్ల చిన్నబుచ్చుకుంది. నిన్ను చూసి కాదే తల్లీ, మా పరుపుల బాబాయి గుర్తొచ్చాడు అన్నాను. ఆయనెవరంది. ఏం చెప్పను? ఆయన సంగతి రెండు ముక్కల్లో తేలేది కాదు.

ఆయన పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. పర్చూరు చుట్టుపక్కల పత్తి పండే ఊళ్ళన్నిటికీ ఆయన పరుపుల బాబాయే. తాతల నాటి నుంచీ దూదేకే ముస్లిముల కుటుంబం. పత్తి తీతలు అయిపోయి, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతుండగా, సైకిలు వెనక దూదేకే విల్లు కట్టుకుని వచ్చేవాడు. మా వసారాలో పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఆ విల్లు నారితో టంయ్ టంయ్‌మని ఏకుతుంటే, ఆ నుసి వంటింటి దాకా వచ్చి పాలగిన్నెలో వాలేది. మా అత్తగారు తిట్టేది. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ దూది అంటుకుని ఉండేది. దులుపుకోవచ్చుగా బాబాయ్ అంటే, "మళ్ళా పడేదేగా అమ్మాయ్, ఇప్పుడు దులుపుకుని ఎవురికి చూపించాల?" అనేవాడు.

పరుపు చూసి ఇంటి గుట్టు చెప్పేయడం ఆయనకున్న చెడ్డ అలవాటు. ఒకరింట్లో నలుగురూ కూర్చుని ఉండగా, "ఏందయ్యా, ఈ పరుపు ఒక పక్కే అణిగింది? రెండో మడిసి ఎక్కడ పడుకుంటంది?" అని అడిగేశాడు. ఇంటాయన మొహం ఎండుమిరపకాయలా తయారైంది. ఇల్లాలు తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుంది. తను కుట్టిన పరుపు మీద తను మాత్రం ఒక్కనాడూ కూర్చునేవాడు కాదు. ఇంట్లో కూడా చాప మీదే పడక. "పరుపెక్కితే నా కళ్ళు కుట్లు ఎతుకుతా ఉంటై. ఇంక నిద్రెక్కడ పట్టుద్ది?" అనేవాడు.

ఇక ఆ నట్టు. జిన్నింగు మిల్లులో ఏదో మిషను నుంచి ఊడిపడ్డ ఇత్తడి నట్టు. పరుపులు కుట్టే దారానికి దాన్ని కట్టి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఆ విద్య ఆయనకెలా వచ్చిందంటే, గుంటూరులో ఒక లాడ్జికి పరుపులు వెయ్యడానికి వెళ్తే, అక్కడ హాల్లో మనసుని బాగుచేసుకునే క్లాసేదో జరుగుతోందట. గదుల తాళాలున్న గుమాస్తా ఎటో పోయాడు. వాడొచ్చేదాకా ఈయన వెనక బెంచీ మీద కూర్చున్నాడు. "ఫీజు కట్టినోళ్ళు కునుకు తీశారు. ఊరికే కూర్చున్న నాకు ఎక్కింది" అని మురిసిపోయేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ గుమాస్తా ఇంకాస్త ఆలస్యంగా వచ్చేవాడు. కొన్నాళ్ళకి ఆ లాడ్జి విజయవాడకి మారింది కూడా.

ఊళ్ళో ఈ సంగతి తెలిశాక ఊరుకుంటారా? అవి పత్తి మీద పురుగు విరుచుకుపడుతున్న ఏళ్ళు. దేనికీ భరోసా లేని రోజులు. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయని ఒకడు, తప్పిపోయిన గేదె ఏ దిక్కున ఉందని ఒకడు, "బాబాయ్, మిర్చి రేటు పెరుగుద్దా? ఉంచమంటావా, అమ్మమంటావా?" అని ఇంకొకడు. ఆయనకి ఒళ్ళు మండేది. "ఒరేయ్, ఇది నట్టురా! దీనికేం తెలుసు యార్డులో రేటు? దీనికి తెలిసిందల్లా దీన్ని పట్టుకున్న చెయ్యి!" అని తరిమేవాడు.

ఆ మాటలోనే ఆయన పద్ధతంతా ఉంది. నట్టు ఆయన పట్టుకునేవాడు కాదు, వచ్చినవాళ్ళ చేతికిచ్చేవాడు. దారం రెండు వేళ్ళతో పట్టుకుని వాళ్ళు ఒక్కో మాట చెప్పాలి. అది మనసు ఒప్పుకున్న మాటైతే నట్టు గుండ్రంగా తిరిగేది. ఒప్పుకోని మాటైతే అడ్డంగా ఊగేది. మా ఆయనకి ఇదంతా చిరాకు. "చెయ్యి వణుకుతుంది, నట్టు ఊగుతుంది. ఇందులో విడ్డూరం ఏముంది బాబాయ్?" అన్నాడు ఒకసారి. బాబాయి ఏమాత్రం నొచ్చుకోలేదు. "అవునబ్బాయ్, వణుకుద్ది. ఏ మాటకి ఎట్టా వణుకుద్దో, అదేగా నేను చూసేది. నువ్వు దాచుకున్న సంగతి నీ చెయ్యి దాచదు" అన్నాడు.

ఆయనకి ఊతపదం ఒకటుండేది. ఎవరు ఏ మాట అన్నా, "ఆ మాట నీదేనా, ఎవురన్నా ఇచ్చారా?" అని అడిగేవాడు. నాకు చదువు అబ్బదు అని ఏ పిల్ల అన్నా, నాకు నలుగురిలో నోరు పెగలదు అని ఏ మగాడు అన్నా, దబ్బనం ఆపి తలెత్తి అదే ప్రశ్న. ఎవరిచ్చారో తెలిస్తే చాలు, ఆ మాట సగం ఊడిపోయినట్టే అని ఆయన లెక్క. అలాగని అన్నీ ఊడిపోయాయని కాదు. మా వీధిలో ఒక పెద్దాయనకి అరవై దాటినా సైకిలు తొక్కడం రాదు. నువ్వు పడతావురా అని చిన్నప్పుడు వాళ్ళన్న అన్నాడట, నట్టు అది బయటపెట్టింది. పెద్దాయన మర్నాడే హుషారుగా సైకిలెక్కి, పంటకాలవలో పడి, మోకాలికి కట్టుతో పోట్లాటకొచ్చాడు. "పడవని నీకెవురు చెప్పారయ్యా? ఎక్కగలవని చెప్పా, ఎక్కావుగా!" అన్నాడు బాబాయి. ఆ పెద్దాయన మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు. బాబాయి కూడా ఆ ఇంటి వైపు చాన్నాళ్ళు తొంగిచూడలేదు.

నా సంగతి ఇంతకంటే పెద్దదని నాకప్పుడు తెలియదు.

అప్పటికి మా అమ్మాయికి మూడేళ్ళు. దానికి నేను స్పూనుతో అన్నం పెట్టేదాన్ని. మా ఇళ్ళల్లో పిల్లకి స్పూనుతో ఎవరు పెడతారు? ఇరుగుపొరుగు నన్ను దొరసాని అని వెక్కిరించేవాళ్ళు. నేనూ నవ్వేసేదాన్ని. అసలు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. నా చెయ్యి మంచిది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో పండుమిరపకాయల పచ్చడి నేను కలిపితే జాడీకి జాడీ బూజు పట్టింది. ఆ తర్వాత పిల్లకి అన్నప్రాశన నాడు మొదటి ముద్ద నేను పెడితే పొలమారి గుడ్లు తేలేసింది. మా అత్తగారు పిల్లని లాక్కుని వీపు నిమిరి, నా వంక చూసి, "నీ చెయ్యి అంత మంచిది కాదులేవే, దూరంగా ఉండు" అంది. ఆవిడ చెడ్డది కాదు. భయపడింది, అనేసింది, మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. ఆనాటి నుంచి ముద్ద కలిపి పెట్టే పని ఆవిడదే. అది నా పాలు తాగి పెరిగిన పిల్ల. దాని నోటికి నా వేళ్ళు తగలకుండా రెండేళ్ళకి పైగా పెంచాను. ఆ బాధ ఏమిటో ఎవరికి చెప్పను?

ఆ ఏడు మా ఆడపడుచు పురిటికని అత్తగారు తాడేపల్లి వెళ్ళింది. మా ఆయన కళ్ళంలో ఉన్నాడు. మధ్యాహ్నం బాబాయి వసారాలో పరుపు అంచు కుడుతున్నాడు. నేను గడప మీద కూర్చుని పిల్లకి స్పూనుతో పెరుగన్నం పెడుతున్నాను. అది మొహం తిప్పేసుకుంటోంది. "నానమ్మ లాగా పెట్టు, ముద్ద పెట్టు" అని ఏడుపు. నేను స్పూను దగ్గరికి తేవడం, అది నెట్టేయడం. బాబాయి దబ్బనం ఆగింది.

"చేతికేమైందమ్మాయ్, కాలిందా?"

"లేదు."

"మరి?"

"నా చెయ్యి మంచిది కాదులే బాబాయ్" అన్నాను, ఈ రోజు మంగళవారం అన్నంత మామూలుగా.

"ఆ మాట నీదేనా, ఎవురన్నా ఇచ్చారా?"

నాకు చిర్రెత్తింది. "నువ్వు పరుపు కుట్టు బాబాయ్, నా చేతి సంగతి నీకెందుకు?" అన్నాను. అయినా ఆయన అడిగే తీరులో ఏముందో, పచ్చడి సంగతి, పొలమారిన సంగతి చెప్పేశాను. ఆయన విని, "అది మీ అత్త మాట. అత్త మాట ఇంత లోతుకి దిగదే" అని, లేచి వచ్చి నట్టు గడప మీద పెట్టి, మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

నమ్మకం ఉండి పట్టుకోలేదు. ఆయన వదలడని పట్టుకున్నాను. ముందు నా పేరు చెప్పమన్నాడు, నట్టు గుండ్రంగా తిరిగింది. వేరే పేరు చెప్పమన్నాడు, అడ్డంగా ఊగింది. సరే ఇప్పుడు, నా చెయ్యి మంచిది అను అన్నాడు. అన్నాను. అడ్డంగా ఊగింది. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

"పచ్చడి చెడిన కాణ్ణుంచి అనుకుంటన్నా, అను."

అడ్డం.

"ఈ ఇంటికొచ్చిన కాణ్ణుంచి."

అడ్డం.

"పెళ్ళికి ముందు నుంచి."

గుండ్రంగా తిరిగింది. "ఇదేం నట్టు బాబాయ్, పెళ్ళికి ముందు నన్నెవరూ ఒక్క మాట అనలేదు!" అన్నాను కోపంగా. ఆయన తర్వాతి మాట అందించాడు. బడికి పోయే రోజులన్నాడు, అడ్డం. బడికి పోకముందు అన్నాడు, గుండ్రం. ఎవరో నాకు చెప్పారు అనమన్నాడు, అడ్డం. "ఎవురూ చెప్పలేదు, నాకు నేనే అనుకున్నా. ఇది అనమ్మాయ్."

అనబోయాను. మాట బయటికి రాకముందే నట్టు పెద్ద సున్నా చుడుతోంది. ఎన్నడూ తలుచుకోని ఒక రోజు నా కళ్ళ ముందుకొచ్చి నిలబడింది.

నాకు అప్పుడు ఐదేళ్ళుంటాయేమో. పొన్నూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. అమ్మ చాప మీద పడుకుని ఉంది. చుట్టూ చాలామంది ఆడవాళ్ళు. అమ్మమ్మ నన్ను ముందుకి తోసి, "అమ్మకి దాహంగా ఉందంట, నీ చేత్తో పొయ్యి తల్లీ" అని నా అరచేతిలో నీళ్ళు పోసింది. నేను అమ్మ నోట్లో పోశాను. కాసేపటికే అందరూ గొల్లుమన్నారు. అమ్మ చచ్చిపోయిందని ఎవరో అన్నారు. నేను పెరట్లోకి పారిపోయి, బావి గట్టు దగ్గర మట్టితో చెయ్యి తోముకున్నాను. తోముకుంటూనే ఉన్నాను. అమ్మ దగ్గరికి రమ్మంటే పోలేదు, ఏడవలేదు కూడా. పిల్లకి తెలిసీ తెలియని వయసు అన్నారంతా. నాకు తెలిసింది ఒకటే. నేను నీళ్ళు పోశాను, అమ్మ చచ్చిపోయింది.

పోయేవాళ్ళ నోట్లో కన్నబిడ్డ చేత నీళ్ళు పోయిస్తారని నాకు తెలియదా? మా మామగారు పోయినప్పుడు మా ఆయన చేతికి చెంబు అందించింది నేనే. పెద్దయ్యాక అన్నీ తెలిశాయి. ఆ ఐదేళ్ళ పిల్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇదంతా బాబాయికి ఏడుస్తూ చెప్పానో, ఊరికే చెప్పానో గుర్తులేదు. ఆయన ఓదార్చలేదు. ఒక్కటే అడిగాడు. "అమ్మ ఆ నీళ్ళు మింగిందా, బయటికొచ్చినయ్యా?"

ఇంతకాలంలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ ఎన్నడూ అటు చూడలేదు. కళ్ళు మూసుకుంటే అమ్మ గొంతు కనబడింది. "మింగింది. గొంతు కదిలింది" అన్నాను.

"చూశావా నువ్వు?"

"చూశాను బాబాయ్."

"మరి? బిడ్డ పోసిన నీళ్ళు గుటక ఏసి పోయింది. దాహం తీరింది ఆ తల్లికి. ఎంతమందికి దొరుకుద్దమ్మాయ్ అట్టాటి చెయ్యి?" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కనుబొమల మీది దూది ఆ తువ్వాలుకి అంటుకుంది. తర్వాత, "నాకూ దాహంగా ఉంది, మంచినీళ్ళు పట్రా" అన్నాడు.

తెచ్చాను. గ్లాసు కింద పెట్టబోతే కాదన్నాడు. నోరు పైకెత్తి, నా చేత్తోనే పొయ్యమన్నాడు. పోశాను. గటగటా తాగి, మూతి తుడుచుకుని, దబ్బనం అందుకున్నాడు. "కూర్చో. నాకేమవుద్దో చూస్తా ఉండు. పరుపు అయిందాక ఇక్కడే ఉంటా" అన్నాడు. పరుపు నాలుగో అంచు కుట్టడం అయ్యేదాకా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఏమీ కాలేదు మహానుభావుడికి. వెళ్తూ వెళ్తూ మా వేపచెట్టు కింద చుట్ట కూడా కాల్చుకున్నాడు.

ఆ రోజే నేను పిల్లకి ముద్ద పెట్టేశానని చెబితే అబద్ధం. ఆ సాయంత్రం కూడా స్పూనే. బాబాయికి తెలుసు. "మాట దొరికింది. ఊడటానికి టైం పడుద్ది. తొందరపడి పీకమాక" అని ముందే చెప్పాడు. ఆ తర్వాత మా వీధిన పోయినప్పుడల్లా సైకిలాపి మంచినీళ్ళు అడిగేవాడు. పని ఉన్నా లేకపోయినా అడిగేవాడు. అలా ఎన్నిసార్లు తాగాడో! ఒకనాడు ఆయన తాగి వెళ్ళాక, ఏమనుకున్నానో ఏమో, పెరుగన్నం చేత్తో కలిపి, చిన్న ముద్ద చేసి పిల్ల నోటి దగ్గర పెట్టాను. అది గబుక్కున తీసుకుని నమిలి మింగింది. నేను దాని గొంతు వంకే చూస్తున్నాను. దానికేం పట్టింది, మళ్ళీ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఆ ఏడు పండుమిరపకాయల పచ్చడి కూడా నేనే కలిపాను. నిజం చెప్పొద్దూ, ఒక జాడీకి మళ్ళీ బూజొచ్చింది. మా అత్తగారు మూత తీసి చూసి, వేలితో రుచి చూసి, "ఉప్పు తగ్గిందే" అంది. నా గుండెల మీంచి బస్తా దిగినట్టయింది.

తర్వాత తర్వాత చీరాల నుంచి వ్యాన్ల మీద ఫోమ్ పరుపులొచ్చాయి. దూది పరుపులు అటక ఎక్కాయి. బాబాయికి పని తగ్గింది, రొప్పు పెరిగింది. బతుకంతా పీల్చిన నుసి ఊరికే పోతుందా? సైకిలు ఎక్కలేక మానేశాడు. చివరికి మంచాన పడ్డాడని తెలిసి వెళ్ళాను. మా అమ్మాయి అప్పటికి హైస్కూల్లో చదువుతోంది.

వెళ్ళేసరికి ఇంటినిండా చుట్టాలు. పిన్ని, అంటే ఆయన భార్య, చిన్న దూది పింజ నీళ్ళలో ముంచి ఆయన పెదాలు తడుపుతోంది. మింగడం మానేశాడని చెప్పింది. నన్ను చూడగానే ఆయన కళ్ళు కదిలాయి. పిన్ని చేతిలో గ్లాసు వైపు చూసి, నా వైపు చూశాడు. నాకర్థమైంది. పిన్నికీ అర్థమైంది. గ్లాసు నాకిచ్చింది.

నా చెయ్యి లేవలేదు. పోయిందనుకున్నదంతా ఒక్క క్షణంలో తిరిగొచ్చింది. చాప మీద అమ్మ, చుట్టూ ఆడవాళ్ళు, ఇక్కడా అదే. ఇప్పుడు నేను పోస్తే, ఈయన పోతే? గ్లాసు పిన్నికి ఇచ్చేద్దామనుకున్నాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు. ఊపిరి కూడగట్టుకుని, ఒక్కో మాటా తీసి తీసి అన్నాడు. "పోతే... నా రొప్పుకి పోతా అమ్మాయ్. నీ నీళ్ళకి కాదు. పొయ్యి."

అరచేతిలో పోసుకుని ఆయన నోట్లో పోశాను. కళ్ళు మూసుకోలేదు. గొంతు కదలడం చూశాను. మింగాడు. ఇంకొంచెం పోశాను, అదీ మింగాడు. చాలన్నట్టు రెప్ప వేశాడు.

మర్నాడు పొద్దున కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చి, "నువ్వు పోసిన నీళ్ళేనమ్మా, ఆ తరవాత గుటక పడలా" అంది. ఆ మాట వినగానే నాకు భయం వేస్తుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. లేదు. బాబాయి పోయాడన్న దుఃఖం ఒక్కటే ఉంది. పిన్ని రెండు చేతులూ నా రెండు చేతులతో పట్టుకుని, అంతమంది ముందు, ఆయన కోసమూ మా అమ్మ కోసమూ కలిపి గొంతెత్తి ఏడ్చాను.